ఎవరదీ?

నిండా గుళ్ళు పెట్టిన గ్లాక్ 43 సుమారు ఆరువందల గ్రాముల బరువుంటుంది. నడుముకి కుడిపక్కన, ప్యాంటు లోపలికి దిగే ఒరలో దాన్ని పెట్టుకుని పైన చొక్కా వదిలేస్తే ఎదుటివాడికి ఏమీ కనపడదు. మోసేవాడిని మాత్రం ఒక్క క్షణం కూడా మరిచిపోనివ్వదు. కూర్చుంటే డొక్కలో ఒత్తుకుంటుంది. వంగితే చొక్కా మీద దాని ఆకారం తేలుతుంది. ఇక్కడ టెక్సస్‌లో దీన్ని 'ప్రింటింగ్' అంటారు. అందుకే ఇండియన్ స్టోర్లో కింది అరలోని సోనామసూరి బస్తా తీసుకోవాలన్నా నేను నడుము వంచేవాణ్ణి కాదు. వీపు నిటారుగా ఉంచి గొంతుక్కూర్చునేవాణ్ణి. "మీకు నడుం నొప్పా అన్నయ్యగారూ?" అని కౌంటర్లో ఉండే ఆవిడ ఒకసారి అడిగింది. అవునన్నాను.

నేను 2009లో ఈ దేశం వచ్చాను. మొదటి ఎనిమిదేళ్ళు తుపాకీ ఊసే లేదు నాకు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో, పని ముగించుకుని ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు మన ఇంజనీర్ల మీద ఒకడు కాల్పులు జరిపాడు. అంతకుముందు మీది ఏ వీసా అని నిలదీశాడు. ఇద్దరిలో ఒకరు చనిపోయారు. అడ్డుపడబోయిన అమెరికన్ కుర్రాడికీ తూటా తగిలింది. ఆ వారమంతా మా ఫోన్లలో ఒకటే మెసేజీ తిరిగింది: బయట తెలుగులో గట్టిగా మాట్లాడకండి, వాదనలకు దిగకండి, ఒంటరిగా తిరగకండి. మిగతా రెండూ కొన్నాళ్ళకు మరిచిపోయాం గానీ, మొదటిది ఒంట్లోకి ఇంకిపోయింది. షాపింగ్ మాల్‌లో మా ఆవిడతో మాట్లాడుతూ పక్కనెవరైనా వస్తే గొంతు దానంతటదే తగ్గిపోయేది. మన మాట మనల్ని పట్టిస్తుందన్న భయం అది. అలాంటి భయం ఉంటుందని ఒంగోలులో చదువుకునే రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే అర్థమయ్యేది కాదు.

తర్వాత 2023 మే 6. అలెన్ అవుట్‌లెట్ మాల్. మా ఇంటి నుంచి కారులో ఇరవై నిమిషాలు. అంతకు రెండు వారాల ముందే పాపకి బూట్లు కొనడానికి వెళ్ళాం అక్కడికి. శనివారం మధ్యాహ్నం ఒకడు కారు దిగి దిగుతూనే కాల్చడం మొదలుపెట్టాడు. ఎనిమిది మంది పోయారు. వాళ్ళలో పిల్లలున్నారు, హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరుగా చేస్తున్న మన అమ్మాయి ఉంది. వేరే పని మీద వచ్చి అక్కడే ఉన్న ఒక పోలీసు అధికారి పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ మనిషిని కాల్చేశాడు కాబట్టి ఎనిమిదితో ఆగింది. ఆ రాత్రి పాప పక్కన పడుకుని పైకప్పు చూస్తూ ఒకటే అనుకున్నాను. ఆ పోలీసు అక్కడ లేకపోతే? మేం అక్కడ ఉండి ఉంటే?

హెచ్-1బీ మీద ఉన్నంతకాలం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అంతే. చదువుకోవడానికి వచ్చే పిల్లలకీ ఇదే చట్టం. నాకు 2022లో గ్రీన్ కార్డు వచ్చింది. అంటే ఆ ఆంక్ష పోయింది. దుకాణంలో ఒక ఫారం నింపాను, వాళ్ళు నా పేరు సర్కారు రికార్డులతో సరిచూశారు, ఆ సాయంత్రానికే నల్లటి ప్లాస్టిక్ పెట్టె చేతిలో పెట్టారు.

నిజానికి 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టం అడ్డుపడనివాళ్ళెవరైనా లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. చెయ్యదలచుకున్నది నేర్చుకుని చెయ్యాలన్నది మా ఇంటి పద్ధతి. శనివారం క్లాసుకి వెళ్ళాను. చెప్పేవాడు రిటైరైన డిప్యూటీ షెరీఫ్, డెబ్భై దగ్గరపడ్డ మనిషి. గొంతు పెంచకుండా చెప్పేవాడు. ఈ లైసెన్సు చట్టం ఎక్కడ పుట్టిందో చెప్పాకే తుపాకీ బల్ల మీద పెట్టాడు.

1991 అక్టోబరు 16. కిలీన్ ఊళ్ళో లూబీస్ కెఫెటీరియా. మధ్యాహ్న భోజనాల వేళ ఒకడు పికప్ ట్రక్కుతో అద్దాలు బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చి కాల్పులు మొదలుపెట్టాడు. ఇరవై ముగ్గురు చనిపోయారు. ఆ రోజు సుజానా హప్ అనే డాక్టరు అమ్మానాన్నలతో అక్కడ భోంచేస్తోంది. ఆమెకి రివాల్వర్ ఉంది. కానీ కారులో ఉంది. దాచిపెట్టుకుని తిరగడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాబట్టి, పట్టుబడితే వృత్తి లైసెన్సు పోతుందని బయటే వదిలేసింది. ఆయుధం కోసం చెయ్యి సంచిలోకి పోయాక ఆ సంగతి గుర్తొచ్చింది. తండ్రి ఆ హంతకుడి మీదికి ఉరికి తూటా తిన్నాడు. తల్లి భర్తను వదిలి రానంది. ఇద్దరూ పోయారు. ఆమె తర్వాత ఊరూరా తిరిగి, చట్టసభల ముందు సాక్ష్యమిచ్చి, 1995లో ఈ చట్టం రావడానికి కారకురాలైంది. గవర్నరు జార్జ్ డబ్ల్యూ బుష్ సంతకం పెట్టాడు. మరుసటి ఏడాది ఆమే రాష్ట్ర శాసనసభకు ఎన్నికైంది.

ఆ కథ విన్నాక నా కళ్ళు తడిశాయి. అమ్మానాన్నలు కళ్ళముందు పోతుంటే చెయ్యి ఖాళీ సంచిలో వెతుక్కోవడం. తుపాకీ మోసేవాళ్ళందరూ రక్తం కోరుకునేవాళ్ళని మనవాళ్ళు కొందరు తేలిగ్గా అనేస్తారు. నేను అననివ్వను. ఆ గదిలో నాతో కూర్చున్న పదిహేను మందీ ఎవరినో ఒకరిని పోగొట్టుకుంటామన్న భయంతో వచ్చినవాళ్ళే.

ఆ పెద్దాయన నాలుగు సంగతులు నూరిపోశాడు. మొదటిది, రంగులు. జెఫ్ కూపర్ అనే పాత మెరైన్ అధికారి పెట్టిన లెక్క అది. పరధ్యానంలో ఉంటే తెలుపు. నింపాదిగా ఉంటూనే చుట్టూ గమనిస్తే పసుపు. ఫలానా మనిషి మీద అనుమానం నిలిస్తే నారింజ. చెయ్యి లేచే స్థితి ఎరుపు. ఇల్లు దాటాక ఎప్పుడూ పసుపులో ఉండమన్నాడు. రెండోది, 21 అడుగులు. సాల్ట్ లేక్ సిటీ పోలీసు డెనిస్ ట్యూలర్ 1983లో రాశాడు. కత్తి పట్టుకున్నవాడు ఆ దూరం నుంచి ఒకటిన్నర సెకన్లో మీద పడతాడు, తుపాకీ తీసి గురిపెట్టడానికీ సుమారు అంతే పడుతుంది. మూడోది, ఇకమీదట గొడవలన్నీ ఓడిపోండి. నడుముకి తుపాకీ ఉన్నవాడికి మాటకి మాట అనే హక్కు లేదు. నాలుగోది, ఏమైనా జరిగితే ముందు 911కి ఫోన్ చెయ్యండి. ముందు ఫోన్ చేసినవాడే పోలీసుల లెక్కలో బాధితుడు.

తర్వాత గురి పరీక్ష. 50 తూటాలు: 3 గజాల నుంచి ఇరవై, 7 గజాల నుంచి ఇరవై, 15 గజాల నుంచి పది. 250కి 175 వస్తే పాసు. నాకు 241 వచ్చాయి. ఆయన కాగితం మనిషిని పైకెత్తి గదిలో అందరికీ చూపించాడు. గుండె దగ్గర చిల్లులన్నీ కలిసి ఒకే రంధ్రం అయ్యాయి.

మూడో పాఠం నన్ను నిజంగా మార్చింది. అంతకుముందు 635 హైవే మీద ఎవడైనా అడ్డంగా దూరితే హారన్ మీద చెయ్యి తీసేవాణ్ణి కాదు. ఇప్పుడు ఒక పికప్ వాడు వెనకనుంచి లైట్లు కొట్టి, పక్కకొచ్చి, అద్దం దించి బూతులు తిడితే చెయ్యి ఎత్తి క్షమించమన్నట్టు సైగ చేసి, పక్క ఎగ్జిట్ తీసుకుని వెళ్ళిపోయాను. కిరాణా పార్కింగ్‌లో ఒక తాగుబోతు నా కారు బానెట్ మీద గుద్ది "మీ దేశం పో" అన్నప్పుడు, ఆ మాట నా పాప వింటోందని తెలిసీ, తాళం వేసుకుని ఊరుకున్నాను. టెయిల్ లైటు పోయిందని ఒకసారి పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, లైసెన్సు ఉంది, తుపాకీ కుడిపక్కన ఉంది, మీరు చెప్పినట్టు చేస్తానన్నాను. ఆయన మెచ్చుకుని పంపాడు. తుపాకీ వచ్చాక నేను మెత్తబడ్డాను. ఇది మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది.

పసుపు మాత్రం నిలవలేదు. పసుపులో ఎప్పుడూ ఉండటం మనిషి వల్ల కాదేమో. నారింజలోకి జారిపోయేది. హోటల్లో గోడకు వీపు ఆనించి, గుమ్మం కనిపించే కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఎదురొచ్చేవాడి ముఖం కన్నా ముందు చేతులు చూసేవాణ్ణి. ఏ దుకాణానికి వెళ్ళినా తలుపు మీద '30.06' బోర్డు వెతికేవాణ్ణి. దాచిన తుపాకీతో లోపలికి రావద్దని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ అంగుళం ఎత్తు అక్షరాలతో రాసే బోర్డు అది. అది ఉంటే వెనక్కొచ్చి తుపాకీని కారులోని ఉక్కు పెట్టెలో పెట్టి తాళం వేసేవాణ్ణి. లోపల ఉన్నంతసేపూ ఒంటి మీద గుడ్డ లేనట్టుండేది. గుడికి వెళ్ళినప్పుడు బోర్డు ఉన్నా లేకపోయినా కారులోనే వదిలేవాణ్ణి. ప్రదక్షిణలు చేస్తుంటే చెయ్యి దానంతటదే కుడి నడుము తడుముకునేది.

మా నాన్నకి చెప్పక చెప్పక చెప్పాను.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు పండించే ఊరు. ఆకు ఆరబెట్టే బ్యారన్ కాలుతున్న రోజుల్లో వేడి తగ్గకుండా రాత్రంతా కాపలా ఉండాలి. నాన్న చేతిలో టార్చి, పొన్నుకర్ర. నేను పక్కన నులకమంచం మీద. చీకట్లో ఆకు కదిలితే చాలు నాన్న కర్ర నేలమీద ఒక్కటి కొట్టి "ఎవరదీ?" అని గట్టిగా కేకవేసేవాడు. "నేనే పెదనాయనా", "నేనే బావా" అని చీకట్లోంచి జవాబు వచ్చేది. ఆ గొంతు విన్నాకే టార్చి వెలిగేది. ముఖం మీద వెలుగు కొట్టడం మర్యాద కాదు, ముందు మనిషిని పలకరించాలి అనేవాడు.

వీడియో కాల్‌లో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన మండలంలో ఒక ఆసామికి లైసెన్సు తుపాకీ ఉంది చూడు, ఎన్నికలొస్తే పట్టుకెళ్ళి పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకుంటాడు. మిగతా రోజులంతా అది బీరువాలోనే. నువ్వు నడుముకి కట్టుకుని కూరగాయలకి పోతావంట్రా?" అన్నాడు.

"ఇక్కడ అందరి దగ్గరా ఉంటాయి నాన్నా."

"సరే, ఉన్నాయనుకో. చీకట్లో ఎవడైనా వస్తే ఏం చేస్తావు?"

క్లాసులో నేర్పినదంతా చెప్పాను. 21 అడుగులు, ఎడమ చెయ్యి ముందుకు, కుడి చెయ్యి పిడి మీద, గట్టిగా 'స్టాప్' అనడం.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఎవరదీ అని అడగమని నేర్పలేదా?" అన్నాడు.

2024 జనవరిలో ఒక రాత్రి. ఒక యూనివర్సిటీ ఊళ్ళో స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళి, సత్యనారాయణ వ్రతం, భోజనాలు, కబుర్లు అయ్యేసరికి పదిన్నర. ఊరి శివార్లలో, ఐ-35 పక్కన గ్యాస్ స్టేషన్‌లో ఆగాను. చలి ఎముకలు కొరికేస్తోంది. అవతల వరసలో చల్లపెట్టె బిగించిన పెద్ద ట్రక్కు ఒకటి ఇంజను ఆపకుండా రొద పెడుతోంది. మా ఆవిడ పాపకి పాలు వేడి చేయించుకొస్తానని లోపలికి వెళ్ళింది. నాలుగేళ్ళ పాప వెనక సీట్లో నిద్రకీ మెలకువకీ మధ్య ఉంది. దానికి అన్నమయ్య జోలపాట వస్తుంటేగానీ కన్ను మూతపడదు. పాట ఆగితే లేస్తుంది. అందుకని నా వైపు తలుపు తెరిచే ఉంచి, పాట అలాగే వదిలేసి, పంపు దగ్గర నిలబడ్డాను.

స్టేషన్ వెనక చీకట్లోంచి ఒకడు వచ్చాడు. నడవడం కాదు, పరుగు. నల్ల హుడీ, తలమీంచి కనుబొమల దాకా లాక్కున్న టోపీ, ముఖం సగం కప్పిన మఫ్లరు. ఒక చెయ్యి జేబులో ఉంది. ఆ చుట్టుపక్కల నాలుగు పంపులూ ఖాళీగా ఉన్నాయి. వాడు సూటిగా నా కారు వైపే వస్తున్నాడు. ఏదో అరిచాడు. మొదటి మాట ట్రక్కు రొదలో కలిసిపోయింది. రెండోది స్పష్టంగా వినపడింది.

"ఫోన్! ఫోన్!"

21 అడుగులు. పాప వెనక సీట్లో. నా ఎడమ చెయ్యి ముందుకు వెళ్ళింది, కుడి చెయ్యి చొక్కా పైకి లాగి పిడిని పట్టుకుంది. నేను ఆలోచించలేదు, చేతులే ఆలోచించాయి. "స్టాప్! గెట్ బ్యాక్!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

వాడు ఆగిపోయాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. ఏమీ లేదు అందులో. రెండు చేతులూ పైకెత్తాడు. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. నా చెయ్యి ఉన్న చోటే చూస్తూ వెనక్కి వెనక్కి నడిచాడు. లైటు వెలుగు దాటాక తిరిగి చీకట్లోకి పరుగెత్తాడు.

మా ఆవిడ పాల సీసాతో వచ్చేసరికి నేను నాజిల్ పీకేసి, ఆమెను దాదాపు కారులోకి తోసి, బండి తీశాను. హైవే ఎక్కాక 911కి ఫోన్ చేశాను. ఫోన్ లాక్కోబోయాడు, నా మీదికి పరుగెత్తుకొచ్చాడు, నల్ల హుడీ, సన్నగా, అయిదడుగుల ఎనిమిది అంగుళాలుంటాడు, స్టేషన్ వెనక్కి పారిపోయాడు. ఒక్క వివరం తప్పు పోలేదు. తుపాకీ ఒరలోంచి తీయలేదని కూడా చెప్పాను. పేరూ నంబరూ రాసుకున్నారు.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ, "ఏమండీ, అతని కాళ్ళు చూశారా?" అంది.

"కాళ్ళేంటి?"

"ఒక కాలికే బూటుంది. రెండో కాలికి సాక్సు మాత్రమే ఉంది. ఈ చలిలో."

"మత్తుమందు తీసుకునేవాళ్ళు అలాగే ఉంటారు" అన్నాను.

ఇల్లు చేరేదాకా ఆమె మళ్ళీ మాట్లాడలేదు. పడుకునే ముందు, "పరుగెత్తేవాళ్ళకి బూటు ఊడిపోతుంది కదండీ" అంది. నేను లైటు తీసేశాను.

మర్నాడు మీటింగులో ఉండగా పోలీసు స్టేషన్ నుంచి వాయిస్ మెయిల్ వచ్చింది. అధికారి కంఠం నింపాదిగా ఉంది. నిన్న రాత్రి మీరు చెప్పిన వ్యక్తి దొరికాడు, సంగతి తేలిపోయింది, మీరు రావలసిన అవసరం లేదు అని. ఊపిరి తీసుకున్నాను. మళ్ళీ ఫోన్ చేసి ఏం తేలిందని అడగాలనిపించలేదు.

అక్కడినుంచి ఆ రాత్రి ఒక కథ అయింది. ఆఫీసులో చెప్పాను, పార్టీల్లో చెప్పాను. చెప్పేకొద్దీ నునుపుదేలింది. ట్రక్కు రొద పోయింది, మొదటి మాట వినపడలేదన్నది పోయింది, బూటు సంగతి పోయింది. పాట సంగతి మొదటినుంచీ చెప్పలేదు. దాంతో ఏం పని? మిగిలినవి: చీకటి, పరుగు, ఫోన్ కోసం మీదికొచ్చినవాడు, ఒక్క తూటా పేలకుండా బతికి బయటపడిన కుటుంబం, మర్నాటికల్లా దొరికిన దొంగ. విన్నవాళ్ళలో ముగ్గురు ఆ పెద్దాయన క్లాసులో చేరారు. నేనే చేర్పించాను.

ఆ ఏడాది సెప్టెంబరులో మా తెలుగు సంఘంవాళ్ళు కొత్తగా వచ్చిన విద్యార్థుల కోసం భద్రత మీద ఒక ఆదివారం సభ పెట్టారు. పిల్లలు రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్లలో పనిచేస్తూ, నడిచి గదులకు వెళ్తూ దోపిడీలకి దొరికిపోతున్నారు. కొందరి శవపేటికలు హైదరాబాద్ విమానాశ్రయంలో దిగాయి. ఈ పిల్లలు తమ రక్షణకి ఆయుధం ఉంచుకోలేరు, చట్టం ఒప్పుకోదు. వాళ్ళకి ఉన్నదల్లా జాగ్రత్త ఒక్కటే. అందుకే నన్ను పిలవగానే సెలవు చూసుకోకుండా ఒప్పుకున్నాను. మనసుపెట్టి తయారయ్యాను.

హాల్లో నూటయాభై మంది దాకా ఉన్నారు. దోపిడీకి వస్తే ఎదురు తిరగకండి అన్నాను, ఫోను, పర్సు, ఏదడిగితే అది ఇచ్చేయండి, ప్రాణం మీ అమ్మానాన్నలది. రంగుల గురించి చెప్పాను. చీకట్లో చేతులు చూడమన్నాను. ముందు 911కి ఫోన్ చెయ్యమన్నాను. చివర్న ఆ రాత్రి గురించి చెప్పాను. హాలు నిశ్శబ్దంగా వింది. "పోలీసులు మర్నాటికే పట్టుకున్నారు" అన్నప్పుడు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మా ఆవిడ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. ఆమె కొట్టలేదు.

ప్రశ్నలుంటే అడగమన్నారు. వెనక వరసలో ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. సన్నగా, కళ్ళజోడు, సంఘంవాళ్ళు ఇచ్చిన వాలంటీరు చొక్కా. కొత్తగా వచ్చినవాడు కాదు, కొత్తవాళ్ళని సొంత ఖర్చుతో కారు మాట్లాడుకుని తీసుకొచ్చినవాళ్ళలో ఒకడని నిర్వాహకుడు నా చెవిలో చెప్పాడు. మైకు అతని దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆయన మీ ఫోన్ ఇయ్యమన్నడా, ఒక ఫోన్ చేసుకుంటనన్నడా?"

మంచి ప్రశ్నే అనుకున్నాను. "బాబూ, ఆ రెండు సెకన్లలో ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? వెనక సీట్లో నీ బిడ్డ ఉంటే నువ్వు తేడా కనుక్కుంటూ నిలబడతావా?" అన్నాను. ఒకరిద్దరు తలలూపారు.

అతను కూర్చోలేదు. మైకు రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"మీ కారు డోరు తెరిచి ఉండె సార్. లోపట అన్నమయ్య జోలపాట వస్తుండె."

ముందు వరసలో మా ఆవిడ తల తిప్పి అతని కాళ్ళ వైపు చూసింది.

"చిన్నప్పుడు మా అమ్మ పాడేది అది. స్టేషన్ వెనక ఇద్దరు నాకు గన్ పెట్టి ఫోను గుంజుకున్నరు. ఉరికొస్తుంటే బూటు ఊడిపోయింది. ఎటు పోవాల్నో తెలుస్తలేదు. అప్పుడు పాట ఇనపడ్డది. మనోళ్ళే ఉన్నరు, ఇగ భయం లేదనుకున్న." గొంతు సవరించుకున్నాడు. "కొద్దిసేపటికి పోలీసులొచ్చిన్రు. ఆ ఇద్దరి కోసం అనుకున్న. నా కోసం వచ్చిన్రు."

హాల్లో ఎవరూ కదల్లేదు. నా చెయ్యి కుడి నడుము దగ్గర ఉందని అప్పుడు చూసుకున్నాను.

"ట్రక్కు సప్పుడుకి మీకు ఇనపడలేదేమో, ముందుగాల నేనన్న మాట" అన్నాడతను. "'అన్నా' అని పిలిచిన సార్."